శిశుపాలనశాలయు, పవరాఫ్ అటార్నీ పత్రమును

మన పాఠశాలలో ఉదయపు మొదటి గంట మ్రోగకముందే మన ఉపాధ్యాయినులలో కొందరు మరియొక యింటి గడప త్రొక్కి వత్తురు. ఆ యింటిలో ఒక పెద్దమ్మగారు పసిపిల్లలను చూచుకొనుచుందురు. పూర్వము ఆమె ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఉద్యోగవిరమణానంతరము తాము కాపురముండు అద్దె యింటిలోనే ఈ శాలను నెలకొల్పిరి. ఇప్పటివారు దీనిని డే కేర్ అందురు. కొందరు క్రెష్ అందురు. పేరేదైనను పని యొక్కటియే. తల్లి పనికి పోవు వేళ బిడ్డకు పాలు పట్టుట, నిద్రపుచ్చుట, ఆడించుట, సాయంకాలము తల్లి చేతిలో భద్రముగా పెట్టుట. ముగ్గురు ఆయాలు, ఒక వంటమనిషి, ఇరువదిమంది పిల్లలు. ఇదియే ఆ సంస్థ. కాని ఆ యిరువదిమంది పిల్లల వెనుక ఇరువది కుటుంబముల జీవనాధారము కలదని మేము తెలిసికొనినది, ఆ తలుపులు మూయబడిన దినమున మాత్రమే.

రెండు సంవత్సరముల క్రిందట ఆమె పెద్దకుమార్తెకు అమెరికాలో పురుడు వచ్చినది. మన దేశమున తల్లి పోక తప్పదు గదా! ఆమె ఐదు నెలలకు ప్రయాణమైరి. శాలను తన చెల్లెలి కుమార్తెకు అప్పగించిరి. తాళపుచెవులు ఇచ్చిరి, తాము సంతకము చేసిన పది చెక్కులు ఇచ్చిరి, “అంతయు నీవే చూచుకొనుము తల్లీ” అనిరి. ఆ అమ్మాయి నెమ్మదిగలది, నమ్మదగినది. ఆ విషయమున ఎవరికిని సందేహము లేదు. అయినను నోటిమాట నీటిమూట యని పెద్దలు ఊరక యనలేదు.

మొదటి నెల సుఖముగానే గడచెను. రెండవ నెలలో ఒక చెక్కుపై అంకె దిద్దినందున బ్యాంకువారు దానిని త్రిప్పి పంపిరి. నాలుగవ నెల వచ్చునప్పటికి చెక్కులు ముగిసినవి. సొమ్ము బ్యాంకులోనే యున్నది. తీయుటకు హక్కుగల చేయి మాత్రము సముద్రమునకు ఆవల నున్నది. అంతలో ఇంటి అద్దె ఒడంబడికకు పదునొకండు నెలల గడువు తీరెను. యజమాని క్రొత్త ఒడంబడికపై పెద్దమ్మగారి సంతకము కావలెననెను. ఆ అమ్మాయి సంతకము తనకు చెల్లదనెను. ఆయాల జీతములు నిలిచినవి. చేయునది లేక ఆ అమ్మాయి ఒక వడ్డీవ్యాపారివద్ద తన పేరనే ప్రామిసరీ నోటు వ్రాసి యిచ్చి అప్పు తెచ్చెను. అప్పటికే ఒక ఆయా పని మాని వెళ్లిపోయెను. ఒక సోమవారమున తలుపులు తెరువబడలేదు. ఆనాడు మన ఉపాధ్యాయినులు ముగ్గురు బిడ్డలను చంకనెత్తుకొని పాఠశాలకు వచ్చిరి. లెక్కల తరగతి జరుగుచుండగా ఏడాది బిడ్డ యొకడు వెనుకబల్లపై దుప్పటిలో నిద్రించెను. విద్యార్థులు నవ్విరి, ఆ తల్లి నవ్వలేదు.

ఇందులో ఎవరి దోషమును ఎంచుటకు మేము ఈ కథ చెప్పలేదు. అందరును మంచివారే, లోపించినది ఒక కాగితము. ఆ కాగితమును గూర్చియే ఈ వ్యాసము.

పవరాఫ్ అటార్నీ యనగానేమి?

ఒకరు తమకు బదులుగా, తమ పేరున, కొన్ని పనులు చేయుటకు మరియొకరికి వ్రాతమూలకముగా అధికారమిచ్చు పత్రమే పవరాఫ్ అటార్నీ. హైదరాబాదు ప్రాంతమున పెద్దలు దీనిని ముఖ్తార్‌నామా యందురు. న్యాయస్థానమున తన పక్షమున వాదించుటకు వకీలునకు ఇచ్చు వకాలత్‌నామా దీనికి దగ్గరి చుట్టమే గాని, అది వేరు, ఇది వేరు. మన దేశమున ఈ పత్రములకు 1882వ సంవత్సరపు పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టము కలదు. అది మిక్కిలి చిన్న చట్టము. అధికారమిచ్చువారికిని పుచ్చుకొనువారికిని గల సంబంధమును వివరముగా తెలుపునది 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టములోని పదవ అధ్యాయము, అనగా 182 మొదలు 238 వరకు గల సెక్షనులు. అచ్చట అధికారమిచ్చువారిని ప్రిన్సిపల్ అనియు, పుచ్చుకొనువారిని ఏజంటు అనియు చెప్పిరి. ఈ వ్యాసమున మేము మొదటివారిని యజమాని యనియు, రెండవవారిని ప్రతినిధి యనియు పిలిచెదము.

ఈ చట్టమునకెల్ల మూలసూత్రము ఒక్కటియే: ఒకరు తగిన అధికారమిచ్చి మరియొకరిచేత చేయించిన పని, తాము స్వయముగా చేసిన పనితో సమానము. కావున ప్రతినిధి అధికారమునకు లోబడి చేసిన సంతకమునకు యజమాని కట్టుబడియుండవలెను. ఇదియే ఈ పత్రమునకు గల బలము. ఇదియే దీనివలన కలుగగల అపాయము.

ఎవరు ఇయ్యవచ్చును? ఎవరు పుచ్చుకొనవచ్చును?

మైనారిటీ తీరి, స్వస్థమైన బుద్ధి కలవారు ఎవరైనను ప్రతినిధిని నియమింపవచ్చునని 183వ సెక్షను చెప్పుచున్నది. మన దేశమున మేజరు వయస్సు 18 సంవత్సరములు. మైనరును ప్రతినిధిగా నియమించినయెడల అతని పనులకు బయటివారియెడ యజమాని బద్ధుడగును గాని, యజమానికి ఆ మైనరు జవాబుదారి కాడు. అందుచేత తెలివిగలవారు మైనరును నియమింపరు. ప్రతినిధికి జీతము గాని ప్రతిఫలము గాని ఇచ్చితీరవలెనను నియమము లేదు. 185వ సెక్షను ప్రకారము ప్రతిఫలము లేకయే ఈ సంబంధము చెల్లును. కావున చెల్లెలి కుమార్తె ప్రేమచేతనే ఈ భారము వహించినను పత్రము చెల్లును.

ఏ యధికారములు వ్రాయవలెను?

పత్రములు రెండు విధములు. ఒక్క పనికై ఇచ్చునది స్పెషల్ పవర్. అనేక కార్యములకై ఇచ్చునది జనరల్ పవర్. ఇంటి అద్దె ఒడంబడికపై సంతకము చేయుట మాత్రమే కావలసినచో మొదటిది చాలును. నెలలతరబడి ఒక సంస్థను నడుపవలెనన్నచో రెండవది కావలెను. అయినను జనరల్ అనగా సర్వస్వము అప్పగించుట యని భ్రమపడరాదు. న్యాయస్థానములు ఇట్టి పత్రములను బిగువుగా చదువును. పత్రమున లేని యధికారమును సులభముగా ఊహింపవు.

వ్యాపారము నడుపుటకు అధికారము పొందిన ప్రతినిధి, ఆ వ్యాపారమునకు అవసరమైనవియు, అట్టి వ్యాపారములలో వాడుకగా చేయునవియు అగు న్యాయమైన పనులన్నియు చేయవచ్చునని 188వ సెక్షను అనుగ్రహించుచున్నది. పాలు, బియ్యము కొనుట, పిల్లల నెలరుసుము పుచ్చుకొని రసీదు ఇచ్చుట, ఆయాలకు జీతములిచ్చుట, ఇవన్నియు దీనిలో ఇమిడియున్నవి. కాని ఇచ్చట ఒక మెలిక యున్నది. వ్యాపారము చేయుటకును, బాకీలు వసూలు చేసి చెల్లుబెట్టుటకును సామాన్యాధికారము ఇచ్చినంతమాత్రమున, హుండీలను అంగీకరించుటకు గాని వాటి వెనుక సంతకముచేసి యజమానిని బంధించుటకు గాని అధికారము రాదని 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము 27వ సెక్షనులో కలదు. కావున బ్యాంకు ఖాతా నడుపుట, చెక్కులు వ్రాయుట, వెనుక సంతకము చేయుట, అప్పు తెచ్చుట అను వానిలో ఏవి ఇచ్చుచున్నారో, ఏవి ఇచ్చుట లేదో స్పష్టముగా పేరుపెట్టి వ్రాయవలెను.

శిశుపాలనశాల విషయమున మేము పెద్దలను విచారించి తెలిసికొనినంతవరకు ఈ క్రింది యధికారములు చాలును: ఫలాని బ్యాంకులోని ఫలాని ఖాతాను నడుపుట, నెలరుసుములు వసూలు చేయుట, సిబ్బందిని నియమించుట, జీతములిచ్చుట, అవసరమైనచో పనినుండి తొలగించుట, ఇంటి ఒడంబడికను క్రొత్తచేయుట, విద్యుత్తు, నీరు, గ్యాసు, పన్ను వీనికి సంబంధించిన కాగితములపై సంతకము చేయుట, ప్రభుత్వ కార్యాలయములలో సంస్థ పక్షమున హాజరగుట. ఆ వెంటనే హద్దులును వ్రాయవలెను: ఇంత సొమ్మునకు మించి ఒకేమారు తీయరాదు, అప్పు చేయరాదు, సంస్థను గాని సామానును గాని అమ్మరాదు, ఫలాని తేదీతో ఈ యధికారము ముగియును. తోటకు కంచె యెట్టిదో పత్రమునకు హద్దు అట్టిది.

ఎట్లు వ్రాయవలెను? ఎవరియెదుట సంతకము చేయవలెను?

పత్రమును స్టాంపు కాగితముపై వ్రాయవలెను. ఎంత విలువగల స్టాంపు కావలెనో ఆయా రాష్ట్రమును బట్టియు, ఇచ్చు అధికారమును బట్టియు మారును. దస్తావేజు లేఖరిని గాని వకీలును గాని అడిగి తెలిసికొనవలెను. ఇరువురి పూర్తి పేర్లు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, నివాసము వ్రాసి, పత్రము వ్రాయుటకు కారణము రెండు పంక్తులలో తెలిపి, అధికారములను వరుస సంఖ్యలతో వ్రాయించి, ప్రతి పుటయందును సంతకము చేసి, ఇరువురు సాక్షుల సంతకములు పెట్టించుట మంచి పద్ధతి.

నోటరీయెదుట సంతకము చేసి ఆయన ధ్రువీకరణము పొందినచో, పత్రము సక్రమముగా వ్రాయబడినదని న్యాయస్థానము మొదటనే భావించును. దినదినపు వ్యవహారములకు ఇది సామాన్యముగా చాలును. కాని రిజిస్ట్రేషను కావలసిన దస్తావేజును యజమాని పక్షమున కార్యాలయములో దాఖలు చేయవలసివచ్చినచో, 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 33వ సెక్షను ప్రకారము యజమాని నివసించు ప్రాంతపు రిజిస్ట్రారు లేక సబ్‌రిజిస్ట్రారు ఎదుట సంతకము చేసి, వారి ధ్రువీకరణము పొందిన పత్రము కావలెను. ఏడాదికి మించిన ఇంటి ఒడంబడిక అట్టి దస్తావేజే. రోగముచేత కదలలేనివారు కార్యాలయమునకు పోనవసరము లేదు. ఆ యధికారియే ఇంటికి వచ్చి విచారించుటకు ఆ సెక్షనులోనే వీలు కలదు. మంచముపట్టిన తల్లిదండ్రులు గల విద్యార్థులు ఈ మాట జ్ఞాపకముంచుకొందురు గాక.

యజమాని విదేశమున నున్నచో అచ్చటి నోటరీయెదుటనో, భారత కాన్సల్ ఎదుటనో సంతకము చేసి పంపవచ్చును. ఆ పత్రము మన దేశమునకు చేరిన మూడు నెలలలోపల ఇచ్చట స్టాంపు వేయించవలెనని 1899వ సంవత్సరపు స్టాంపు చట్టము 18వ సెక్షను విధించుచున్నది. మన పెద్దమ్మగారు అమెరికాలో నున్నప్పుడైనను ఈ మార్గము తెరచియే యుండెను. అది ఇరువురికిని తెలియకపోయెను.

పత్రము చేతికి వచ్చిన తరువాత దానిని పెట్టెలో దాచుకొనుట పొరబాటు. యజమాని ఊరిలో నున్నప్పుడే ప్రతినిధిని వెంటబెట్టుకొని బ్యాంకునకు పోయి, అసలు పత్రమును చూపి, నకలు ఇచ్చి, ప్రతినిధి మాదిరి సంతకమును నమోదు చేయించవలెను. అనేక బ్యాంకులు తమ సొంత ఫారమును కూడ నింపించును. ఇంటి యజమానికిని, పిల్లల తల్లిదండ్రులకును సంగతి తెలుపవలెను.

సంతకము చేయు విధము

ప్రతినిధి సంతకము చేయునపుడు ఊరక తన పేరు వ్రాయరాదు. “ఫలానివారి పక్షమున, వారి పవరాఫ్ అటార్నీ హోల్డరు ఫలాని” అని వ్రాయవలెను. ఇది అలంకారము కాదు. ప్రతినిధిగా సంతకము చేయుచున్నానని తెలుపక ప్రామిసరీ నోటుపై గాని, హుండీపై గాని, చెక్కుపై గాని వట్టి తన పేరు వ్రాసినవారు తామే ఆ బాకీకి బాధ్యులగుదురని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము 28వ సెక్షను చెప్పుచున్నది. ఆ చిన్నది వడ్డీవ్యాపారికి వ్రాసిన నోటు సంగతి ఇప్పుడు మీకు బోధపడును. అప్పు శాల కొరకే. ఖర్చయినది ఆయాల జీతములకే. కాని చట్టముదృష్టిలో బాకీదారు ఆ అమ్మాయియే. పెద్దమ్మగారు తిరిగివచ్చిన మరునాడే ఆ బాకీని వడ్డీతో తీర్చిరి గనుక సరిపోయెను. ఆమె రాకపోయినచో? ఈ ప్రశ్నను ఆ అమ్మాయి తండ్రి పలుమారులు మమ్ము అడిగెను.

ఈ పత్రము చేయలేని పనులు

ఎంత బలమైన పత్రమైనను కొన్ని పనులు చేయజాలదు. మొదటిది, ప్రతినిధి తన భారమును తానుగా వేరొకరికి అప్పగింపరాదు. 190వ సెక్షను దీనిని నిషేధించును. కావున ప్రతినిధికి జబ్బుచేసినచో ఎవరు చూతురో యజమానియే పత్రమున వ్రాయవలెను. రెండవది, వీలునామా వ్రాయుటవంటి స్వంత కార్యములను ప్రతినిధి చేయజాలడు. మూడవది, ఈ పత్రమువలన సొత్తు చేతులు మారదు. జనరల్ పవర్ పుచ్చుకొని ఇల్లు కొంటిమనుకొనువారు మన పట్టణములలో పలువురుండిరి; అట్టి పత్రము స్థిరాస్తిపై యాజమాన్యము నీయదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పెను. నాలుగవది, అనుమతిపత్రము ఒక వ్యక్తి పేరున ఇయ్యబడినచో, పవర్ పత్రముచేత అది ప్రతినిధిది కానేరదు. కాలిఫోర్నియా రాష్ట్రమున శిశుపాలనశాల లైసెన్సును మరియొకరికి బదిలీ చేయుటకు వీలులేదు. అమెరికాలో ఇంటివద్దనే పిల్లలను చూచుకొను మన తెలుగు సోదరీమణులు తమ తమ రాష్ట్రముల లైసెన్సు కార్యాలయమును ముందుగనే విచారించుట మేలు.

అయిదవది మిక్కిలి ముఖ్యమైనది. శాలను నడుపుటకు యజమాని అధికారమిచ్చినంతమాత్రమున పిల్లలపై అధికారము రాదు. బిడ్డకు జ్వరము వచ్చిన ఏ వైద్యుని చూపవలెను, సాయంకాలము బిడ్డను ఎవరిచేతికి ఇయ్యవలెను అను సంగతులు తలిదండ్రులు చెప్పవలసినవి. వారివద్ద విడిగా వ్రాతమూలకమైన అనుమతి తీసికొనవలెను. అట్లే బిడ్డపై అత్యాచారము జరిగినదని తెలిసినవారు ఎవరైనను పోలీసువారికి తెలుపవలెనని 2012వ సంవత్సరపు పోక్సో చట్టము విధించుచున్నది. సంస్థను నడుపువారు తమ క్రింది ఉద్యోగి చేసిన యపరాధమును తెలుపక మిన్నకుండినచో ఏడాదివరకు కారాగారశిక్షకు పాత్రులగుదురు. “యజమాని ఊరిలో లేరు, నేను ప్రతినిధిని మాత్రమే” అను మాట అచ్చట పనికిరాదు.

ప్రతినిధి ధర్మములు

యజమాని చెప్పినట్లు నడచుట, తగిన నేర్పుతోను శ్రద్ధతోను పనిచేయుట, అడిగినప్పుడు లెక్క చూపుట, చిక్కు వచ్చినప్పుడు యజమానికి తెలిపి ఆమె ఆజ్ఞ పొందుటకు ప్రయత్నించుట, వసూలైన సొమ్మును అప్పగించుట, యజమానికి తెలియకుండ తాను లాభము పొందకుండుట, ఇవి 211 మొదలు 218 వరకు గల సెక్షనులలో చెప్పబడిన ధర్మములు. ప్రతిగా, న్యాయముగా చేసిన పనులవలన ప్రతినిధికి కలిగిన నష్టమును యజమాని పూరింపవలెనని 222వ సెక్షను చెప్పుచున్నది. భారము ఒక ప్రక్క మాత్రమే లేదు.

ఈ యధికారము ఎప్పుడు ముగియును?

గడువు తీరినను, పని ముగిసినను, యజమాని రద్దుచేసినను, ప్రతినిధి వదలుకొనినను అధికారము ముగియును. రద్దు చేయుట యజమాని యిష్టము. కాని అది ప్రతినిధికి తెలిసినప్పటినుండి ప్రతినిధిపట్లను, బయటివారికి తెలిసినప్పటినుండి వారిపట్లను మాత్రమే పనిచేయునని 208వ సెక్షను. కావున రద్దు సంగతిని బ్యాంకునకును, ఇంటి యజమానికిని వ్రాతమూలకముగా తెలిపి, అసలు పత్రమును తిరిగి పుచ్చుకొనవలెను.

ఇరువురిలో ఎవరు మరణించినను, ఎవరికి మతి చలించినను కూడ అధికారము ముగియునని 201వ సెక్షను. ఇచ్చటనే జనులు పొరబడుదురు. “నాకేమైన అయినచో ఈ కాగితముతో నడుపుకొందురు” అని తలంతురు. నిజమునకు ఆ “ఏమైన” అయిన దినముననే కాగితము పనిచేయుట మానును! యజమాని గతించినచో వారసులు వచ్చువరకు సొత్తును కాపాడుటకు తగిన జాగ్రత్తలు తీసికొనుట మాత్రము ప్రతినిధి విధి యని 209వ సెక్షను చెప్పుచున్నది. ఇంగ్లాండు దేశమున 1985 చట్టముచేతను, తరువాత 2005వ సంవత్సరపు మెంటల్ కెపాసిటీ చట్టముచేతను, మతి తప్పిన తరువాతను నిలిచియుండు పత్రములు ఏర్పడినవి. అమెరికా రాష్ట్రములలోను అట్టివి కలవు. మన దేశమున సామాన్య పవర్ పత్రమునకు అట్టి శక్తి లేదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము క్రింద నియమింపబడు ప్రతినిధి చికిత్స విషయములకే గాని వ్యాపారమునకు కాదు. దీర్ఘకాలము స్పృహలేక పడియున్నవారి సొత్తును చూచుటకు బంధువులు హైకోర్టును ఆశ్రయింపవలసివచ్చుచున్నది; 2019లో కేరళ హైకోర్టు ఇందుకు కొన్ని నియమములను ఏర్పరచెను.

రెండవమారు జరిగినది

ఈ సంవత్సరము పెద్దమ్మగారికి మోకాలి శస్త్రచికిత్స చేయవలెనని వైద్యులు చెప్పిరి. రెండు నెలలు మంచమున నుండవలెను. ఈమారు ఆమె వకీలునొద్దకు పోవుచు మమ్ము కూడ తోడు రమ్మనిరి. పత్రము సిద్ధమైన పిమ్మట ఆమె కళ్లద్దములు సవరించుకొని ప్రతి పంక్తియు చదివి, ఒక ప్రశ్న వేసిరి: “మత్తుమందు ఇచ్చిన తరువాత నేను తెలివిలోనికి రాకపోయినచో ఈ కాగితము నడచునా?”

నడవదని వకీలు చెప్పెను. ఆమె కొంతసేపు మాటాడలేదు. ప్రక్కనున్న చెల్లెలి కుమార్తె, “పెద్దమ్మా, అట్టి మాటలు ఇప్పుడెందుకు?” అనెను. “ఇప్పుడు గాక మరెప్పుడమ్మా? ఇరువది మంది పిల్లలు తలుపువద్ద నిలిచినప్పుడా?” అని ఆమె బదులు పలికిరి.

ఒకరి ఊపిరిపై ఆధారపడని సంస్థ కావలెనన్నచో మార్గములు కలవని వకీలు వివరించెను. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము క్రింద ఏకవ్యక్తి కంపెనీ స్థాపించినచో, యజమాని మరణించినను, ఒడంబడిక చేయు శక్తి కోల్పోయినను ఆ స్థానమునకు వచ్చు నామినీని ముందుగనే పేర్కొనవలెను. 2008వ సంవత్సరపు చట్టము క్రింద ఇరువురు చేరి పరిమిత బాధ్యతా భాగస్వామ్య సంస్థను ఏర్పరచినచో, ఒక భాగస్వామి తప్పుకొనినను సంస్థ నిలుచును. పెద్దమ్మగారు రెండవ మార్గమును ఎన్నుకొనిరి. అది ముగియుటకు దినములు పట్టును గనుక అంతవరకు పవర్ పత్రము. ఇంటి ఒడంబడికను ఇరువురి పేరను వ్రాయించిరి. వీలునామా కూడ వ్రాసిరి. పిల్లల తలిదండ్రులనందరిని ఒక ఆదివారము సాయంకాలము పిలిచి, అన్ని సంగతులు చెప్పి, అనుమతిపత్రములు తీసికొనిరి.

శస్త్రచికిత్స క్షేమముగా జరిగెను. ఆ అమ్మాయి ప్రతి శనివారము లెక్కపుస్తకమును పెద్దమ్మ మంచమువద్దకు తెచ్చి చూపుచుండెను. ఒకనాడు పాలవాడు తనవద్దనే కొనినచో లీటరునకు ఒక రూపాయి చొప్పున ఆమెకు విడిగా ఇత్తుననెను. ఆ సంగతియు ఆమె పుస్తకములోనే వ్రాసి చూపెను. పెద్దమ్మగారు నవ్వి, ఆ రూపాయి ధరలోనే తగ్గింపుమని పాలవానికి కబురు పంపిరి. ఆ రెండు నెలలలో ఒక్క దినమును తలుపులు మూయబడలేదు. మన తరగతి గదులలో వెనుకబల్లపై ఏ బిడ్డయు నిద్రింపలేదు.

తలిదండ్రులారా, మీలో దుకాణము గలవారును, కుట్టుపని శాల గలవారును, పొలము గలవారును కలరు. మీ సంతకముపై ఎందరి కూడు ఆధారపడియున్నదో ఒకమారు లెక్కించుకొనుడు. ఉత్త కాగితముపై గాని ఉత్త చెక్కుపై గాని సంతకము చేసి ఎవరికిని ఇయ్యకుడు. నమ్మినవారికైనను హద్దులు వ్రాసి ఇయ్యుడు. అది అపనమ్మకము కాదు, నమ్మినవారిని కాపాడుట. మేము ఇచ్చట చెప్పినది దారి చూపుటకే. పత్రము వ్రాయునపుడు తెలిసిన వకీలును సంప్రదింపుడు. బాలబాలికలారా, మీరు ఇంకను మైనరులు. మీ సంతకమునకు నేడు అంత విలువ లేదు. కాని కొన్ని సంవత్సరములలో ఒకరు మిమ్ము నమ్మి తాళపుచెవులును, పత్రమును మీ చేతిలో పెట్టుదురు. ఆ దినమునకై లెక్క సరిగా వ్రాయుటను, ఒకరి రూపాయిని ఒకరి రూపాయిగానే ఎంచుటను ఇప్పటినుండియే అభ్యసింపుడు. ఆ చిన్నది చేసినది అంతకుమించి ఏమియు లేదు, అదియే చాలెను.